అపారదర్శకత తగ్గించాలా, చిక్కదనం తగ్గించాలా?

సభ్యులకు నమస్కారం. ఒపాసిటీ, అంటే వెనుకదాన్ని కనిపించనివ్వని గుణం, దానికి తెలుగు మాట గురించి మీ అభిప్రాయం కోరుతూ ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చెన్నైలో మా ఇంట్లో 2 జీబీ ర్యామ్‌తో నడిచే పాత కంప్యూటర్ ఒకటి ఉంది. కొత్త విండోస్‌ను అది మోయలేదు కనుక అందులో లినక్స్ వేసి, తేలికగా ఉంటుందని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాను. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఒక విండో వెనుక నుంచి మరొక విండో లీలగా కనిపించడం చూసి వచ్చిన మా నాన్నగారు తమకూ అలాగే కావాలన్నారు. ఆ సదుపాయం ఇందులోనూ ఉంది: విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ అనే భాగంలో స్లైడర్లను జరిపితే చాలు. స్లైడర్ పేరు ఒపాసిటీ, ఎడమ కొస ట్రాన్స్‌పరెంట్, కుడి కొస ఒపేక్. నాన్నగారు తామే మార్చుకోగలిగేలా ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో రాద్దామని కూర్చుని, ఒపాసిటీ దగ్గర ఆగిపోయాను.

నిఘంటువు మార్గంలో వెళ్తే అది అపారదర్శకత. కావలసింది కనిపించడమైతే "అపారదర్శకతను తగ్గించండి" అనవలసి వస్తోంది. కనిపించకపోవడాన్ని తగ్గించమనే ఈ తిరకాసును విప్పుకోవడానికి నాకే ఒక క్షణం పట్టింది. పైగా విడదీయడంలో పొరపాటు జరిగితే అది అపార దర్శకత అవుతుంది, సినిమావాళ్ళ కోడంబాకం ఉన్న ఊళ్ళో ఆ మాటకు వేరే అర్థం తోస్తుంది. నాన్నగారు కాగితం చూసి, "పారదర్శకత అంటే టెండర్లలో ఉండవలసింది కదా, దీనిలోకి ఎందుకొచ్చింది?" అన్నారు. పత్రికలు ఆ మాటను పాలనకు అంతగా అంటగట్టేశాయి.

అందుకే చిక్కదనం అని రాద్దామనుకుంటున్నాను. చిక్కదనం తగ్గిస్తే విండో పలుచబడుతుంది, వెనుకది కనిపిస్తుంది. ఇది చెల్లుతుందా?

జవాబు:

మీ ఇబ్బంది అర్థమైంది కానీ, పారదర్శకాన్ని అంత సులువుగా వదులుకోవద్దని నా మనవి. పారం అంటే అవతలి గట్టు. చదువులో ఆ గట్టు చేరినవాడు పారంగతుడు, ఆ గట్టే కనిపించనిది అపారం. అవతలి గట్టును చూపేది పారదర్శకం అన్నప్పుడు, విండో వెనుక విండోను చూపే పనికి అంతకంటే తగిన మాట ఏముంటుంది? చిక్కదనం పాలకూ మజ్జిగకూ చెందినది. గాజుకు, తెరకు ఎలా నప్పుతుంది? అదీగాక, మన పాఠ్యపుస్తకాల్లో పారదర్శకం, పారభాసకం, అపారదర్శకం అన్న తేడా ఉంది. 2007 జనవరిలో వచ్చిన విండోస్ విస్టాలో విండోల అంచులకు పెట్టిన ఏరో అనే గాజు రూపం వెనుక ఉన్నదాన్ని మసకబరిచి చూపేది కనుక దానిని పారభాసకం అనాలే తప్ప పారదర్శకం అనకూడదు. ఇక్కడి తమిళ పాఠాల్లో ఈ మూడింటికీ ఒళి పుగుం, ఒళి కసియుం, ఒళి పుగా అన్న మాటలున్నాయి. వెలుగు చొరబడేది, వెలుగు ఊటలా దిగేది, వెలుగు చొరనిది అన్నమాట. వాళ్ళు వెలుగు పక్షాన నిలబడి పేరు పెట్టారు, మనం చూసే కంటి పక్షాన నిలబడ్డాం.

ప్రశ్న అడిగిన సభ్యుని మాట:

కసియుం అన్న మాట ఎంతో బాగుంది. స్నానాలగది కిటికీకి ఉండే గరుకు అద్దం కళ్ళముందు నిలిచింది. పారదర్శకాన్ని గుణం పేరుగా ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నా ఇబ్బంది కొలత పేరు దగ్గర మాత్రమే. స్లైడర్ కొలిచేది వెనుకది ఎంత కనిపిస్తుందని కాదు, ముందున్నది ఎంత వంతు కలవాలని.

పాత పద్ధతిలో విండోలన్నీ నేరుగా తెర మీదే గీసుకునేవి. ఒకదాని కింద పడిన భాగం ఎక్కడా మిగిలేది కాదు, మీది విండో జరిగినప్పుడు మళ్ళీ గీయవలసి వచ్చేది. కంపోజిటర్ ప్రతి విండోనూ మెమొరీలో విడిగా దాచి, ఆ తరువాత ఒకదాని మీద ఒకటి కలుపుతుంది. 1024×768 తెరను నింపే విండో ఒక్కదానికే 3 ఎంబీ కావాలి, పాత యంత్రాలు ఆయాసపడటానికి ఇది ఒక కారణం. కలిపే లెక్కను 1984లో పోర్టర్, డఫ్ అనే ఇద్దరు తమ పత్రంలో స్థిరపరిచారు. చిక్కదనం 80 శాతం అనుకుంటే, పైవిండో రంగులో 80 పాళ్ళు, కిందిదానిలో 20 పాళ్ళు. పైన తెలుపు విలువ 255, కింద నలుపు విలువ 0 అయితే కంటికి కనిపించేది 204. ఇది పాలలో నీళ్ళు కలిపే లెక్క కాక మరేమిటి?

చిక్కదనం ద్రవాలకే పరిమితమన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. చిక్కటి అడవి అంటాం, చిక్కటి చీకటి అంటాం, చీర కొనేటప్పుడు నేత చిక్కగా ఉందా పలుచగా ఉందా అని బట్టను వెలుతురుకు ఎత్తి చూస్తాం. ఆ చూడటం సరిగ్గా ఈ స్లైడర్ చేసే పనే. ముదురు, లేత అన్న మాటలు దీనికి పనికిరావు, అవి రంగుకు చెందినవి. లేత రంగు విండో వెనుక ఏమీ కనిపించదు.

కాగితం మీద ప్రస్తుతానికి ఇలా రాశాను: "వాడని విండోల చిక్కదనం: 85 దగ్గర ఉంచండి. అంతకంటే తగ్గిస్తే అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి." నాన్నగారు మరేమీ అడగకుండా చదివి, స్లైడర్ జరుపుకున్నారు. ఇక కుడి కొసకు చిక్కన అని పెట్టుకోవచ్చు. ఎడమ కొసకు పలుచన అందామంటే, నలుగురిలో పలుచన కావడం అన్న వాడుక అడ్డొస్తోంది. మరో మాట తోచినవారు చెప్పగలరు.