డ్యాంపర్ లేని తేలికపాటి క్రాంక్ పుల్లీ ఇంజనుకు హాని చేస్తుందా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
నాది 4 సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. అసలు క్రాంక్ పుల్లీని (ఇంజను ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టు చివర ఉండి బెల్టును తిప్పే చక్రాన్ని) తీసి, రబ్బరు డ్యాంపరు (కంపనాలను అణచే భాగం) లేని అల్యూమినియం పుల్లీ వేస్తే ఇంజను చురుగ్గా తిరుగుతుందని ఇక్కడి ట్యూనింగ్ షాపువారు అంటున్నారు. కాలక్రమంలో క్రాంక్ షాఫ్టుకూ బేరింగులకూ చేటు జరుగుతుందేమోనన్న సందేహం నన్ను వదలడం లేదు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఉప్పల్ నుంచి, మెకానిక్‌ని):
మీ సందేహం సరైనదేనండి. సిలిండరులో ఇంధనం మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్టు కొద్దిగా మెలితిరిగి వెనక్కి వస్తుంది. ఆ కుదుపుల లయ షాఫ్టు సహజ కంపనంతో కలిసే ఆర్‌పీఎం దగ్గర మెలితిప్పు అంతకంతకూ పెరుగుతుంది. పుల్లీ మధ్య భాగమైన హబ్బుకూ బయటి బరువైన వలయానికీ మధ్యనున్న రబ్బరు ఆ శక్తిని వేడిగా మార్చి అణచివేస్తుంది. ఇంజనును చక్కగా బ్యాలెన్సు చేశాం కనుక డ్యాంపరు అక్కర్లేదనే వాదన నాకు చాలా ప్రమాదకరంగా తోస్తుంది, ఎందుకంటే బ్యాలెన్సింగుకు ఈ మెలితిప్పుతో సంబంధమే లేదు. క్రాంక్‌తో నేరుగా తిరిగే ఆయిల్ పంపు గేర్లు పగలవచ్చు, పుల్లీ బోల్టు వదులు కావచ్చు. పొడవైన షాఫ్టు గల వరుస 6 సిలిండర్ల ఇంజన్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):
అన్ని ఇంజన్లనూ ఒకే గాటన కట్టకూడదు. కొన్నింటికి తయారీదారే డ్యాంపరు లేని పుల్లీ ఇస్తారు; అక్కడ భయం లేదు. పుల్లీ వ్యాసం కూడా చిన్నదైతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు నెమ్మదిగా తిరుగుతుంది కనుక, పంజగుట్ట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలిచినప్పుడు బ్యాటరీపై భారం పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మా పుల్లీకి రబ్బరు వలయం ఉంది, దానినే ఉంచుతాను.