అప్‌డేట్: ఆరోగ్య సిబ్బంది లెక్క ఎందుకు కుదరలేదో తేలింది

మన దేశంలో ఆరోగ్య, సామాజిక సేవల్లో ఎంతమంది పనిచేస్తున్నారు, ఒక్కోచోట ఒక్కో అంకె ఎందుకుంది అని అడిగాను కదా. చిక్కుముడి వీడింది. పరిశ్రమ కోడు, వృత్తి కోడు రెండూ కలిపేయడమే తప్పు.

పరిశ్రమల కోడ్ల జాబితా అయిన ఎన్‌ఐసీ 2008లో 86 (వైద్యం), 87, 88 (సంరక్షణ, సామాజిక సేవ) తీస్తే ఆసుపత్రిలో నేల తుడిచే ఆయమ్మ, బిల్లు కొట్టే క్లర్కు కూడా వస్తారు. మందుల షాపులో ఫార్మసిస్టు మాత్రం రాడు, ఆయన చిల్లర వ్యాపారం కింద 47లో ఉంటాడు. వృత్తుల కోడ్ల జాబితా అయిన ఎన్‌సీఓ 2015లో 22 (ఆరోగ్య నిపుణులు), 32 (సహాయక ఆరోగ్య సిబ్బంది) తీస్తే ఫార్మసిస్టు దొరుకుతాడు, ఆయమ్మ పోతుంది. అందుకే రెండు కోడ్లనూ అడ్డం నిలువు పట్టికలో పెట్టి చూడాలి.

అల్లోపతి డాక్టర్ల రిజిస్టరు ఇంకో తంటా. 2022 జూన్ నాటికి 13.08 లక్షల పేర్లున్నా, చనిపోయినవాళ్లు, విదేశాలకు వెళ్లినవాళ్లు అందులోనే ఉండిపోతారు. అందుకే కేంద్రం 80 శాతమే అందుబాటులో ఉన్నారనుకుని, 5.65 లక్షల ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటివి) వైద్యుల్ని కలిపి 834 మందికి ఒక డాక్టరని చెప్పింది. ఆయుష్ తీసేస్తే దాదాపు 1,280 మందికి ఒకరు.

ఊళ్లలో పనిచేసే ఆశా కార్యకర్తలు సుమారు 10 లక్షలు. కాగితం మీద వాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలే కాబట్టి ప్రభుత్వ పోస్టుల పట్టికలో కనపడరు. వాళ్లను విడి వరుసలో తప్పకుండా చూపించండి, ఊళ్లో గడప గడపకూ తిరిగేది వాళ్లే.