ఎనిమిది నెలలకే కంపెనీ మారొచ్చా?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:
అందరికీ నమస్తే. కూకట్‌పల్లి నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. హెచ్-1బి వర్క్ వీసా చేయించింది ఒక చిన్న కన్సల్టెన్సీ, పనిచేసేది క్లయింట్ ఆఫీసులో. ఇప్పుడు వేరే కంపెనీ ఫుల్‌టైమ్ ఇస్తామంటోంది, జీతం కొంచెం ఎక్కువ. నాన్నేమో "నిలకడ లేదంటారు, రెండేళ్లు ఓపిక పట్టు" అంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు వచ్చే ఏడాది గ్రీన్ కార్డ్ మొదలుపెడతామని ఊరిస్తున్నారు. ఏం చేయమంటారు?

మణికొండ, హైదరాబాద్ నుంచి:
తమ్ముడూ, నాన్నగారి మాట నేను తీసిపారేయను. మా నాన్న బీహెచ్ఈఎల్‌లో ఏ గేటులోంచి లోపలికెళ్లారో, 33 ఏళ్ల తర్వాత దండ వేయించుకుని ఆ గేటులోంచే బయటికొచ్చారు. ఆయన లెక్కలో ఉద్యోగం మారాడంటే ఏదో గొడవ జరిగినట్టే. కానీ ఆయన ఉద్యోగానికి వీసా ముడిపడి లేదు. అందుకని జీతం సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో చూడండి.

గ్రీన్ కార్డ్‌కు మొదటి మెట్టయిన పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) మీకు ఇంకా మొదలే కాలేదు. అంటే ఇప్పుడు మారితే పోయేదేమీ లేదు. అదే రెండేళ్లు ఆగాక, పెర్మ్ సగంలో ఉండగా మంచి ఆఫర్ వచ్చిందనుకోండి, అసలు టెన్షన్ అప్పుడు. అది అక్కడే వదిలేసి, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి. ఐ-140 (పెర్మ్ తర్వాత కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయితే మాత్రం, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం, మీతోనే వస్తుంది. హెచ్-1బికి ఆరేళ్లు నిండాక ఎక్స్‌టెన్షన్లకూ అదే ఆధారం, కాకపోతే వెనక్కి తీసుకునేది అప్రూవ్ అయి 180 రోజులు దాటాకై ఉండాలి. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న లెక్కలో మనవాళ్ల క్యూ ఎంత పొడవో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి గ్రీన్ కార్డ్ ఎప్పుడు మొదలుపెడతారో కొత్త కంపెనీని అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. "వచ్చే ఏడాది" అన్న నోటిమాట నేను వరసగా మూడేళ్లు విన్నాను.

నన్నడిగితే మారిపొమ్మంటాను. అయితే ముందే నోరు జారకండి. మన దగ్గర 90 రోజుల నోటీసు అలవాటు, అక్కడ రెండు వారాలిస్తే మర్యాదే. కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ అయితే చాలు, చట్టప్రకారం చేరొచ్చు. నేనైతే ప్రీమియం (ఎక్కువ ఫీజు కట్టి త్వరగా తేల్చుకునేది) వేయించి, అప్రూవల్ చేతికొచ్చాకే రాజీనామా ఇస్తాను. ఈలోపు ఉద్యోగం పోతే మీకు మిగిలేది 60 రోజులు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందుంటే అంతవరకే. పాస్‌పోర్టులో స్టాంప్ మీద పాత కంపెనీ పేరుందని భయం వద్దు. దాని గడువు ఉన్నంతవరకు కొత్త ఐ-797 (అప్రూవల్ నోటీసు) పక్కన పెట్టుకుని తిరిగి రావచ్చు, వెంటనే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు పరుగెత్తక్కర్లేదు. వీసా కోసం చిల్కూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని ఉంటే మాత్రం, మొక్కు తీరాక చేయాల్సిన ఆ 108 బాకీ బాకీయే.

ఇంకొకటి, నాకైతే దీని గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు. పెర్మ్ మొదలుకాగానే లాయరు హైదరాబాద్ ఉద్యోగాలకు ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అడుగుతారు. బీటెక్ మీద ఈబీ-2 (గ్రీన్ కార్డ్‌లో ఒక కేటగిరీ) వేయాలంటే డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవం చూపించాలి మరి. మనకిచ్చే రిలీవింగ్ లెటర్ సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పనులు చేశారో లెటర్‌హెడ్ మీద ఉండాలి. నన్నడిగేసరికి మాదాపూర్‌లో నా మొదటి కంపెనీ మూతపడింది. అప్పుడు అమెరికా నుంచి సెలవుకొచ్చి వెళ్లి చూస్తే ఆ ఫ్లోర్‌లో లేడీస్ హాస్టల్. మా మీటింగ్ రూమ్ కిటికీకి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్ మాత్రం పాతాయనే, గుర్తుపట్టి నవ్వాడు. చివరికి అప్పటి టీమ్ లీడ్‌ను వెతికి పట్టుకుని, అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించేసరికి మూడు నెలలు పట్టింది. మీ మేనేజర్లు ఇంకా అక్కడే ఉండగానే ఆ లెటర్లు తెప్పించుకోండి, ఉన్నా మారినా.

ప్లేనో నుంచి:
తమ్ముడూ, అన్నగారు కాంట్రాక్టు సంగతి వదిలేశారు. "రెండేళ్లలోపు వెళ్తే ఇంత కట్టాలి" అని ఎక్కడైనా సంతకం పెట్టావా? హెచ్-1బి ఫైలింగ్ ఖర్చు, దాని లాయరు ఫీజు నీ దగ్గర వసూలు చేయకూడదు. నష్టపరిహారం అని రాసి ఉంటే అది చెల్లుతుందా లేదా అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి. ఆ కాగితం నీ సొంత లాయరుకు చూపించు, కంపెనీ లాయరుకు కాదు. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంచినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వలేదా, అదొక్కటే చాలు బయటపడటానికి. పే స్టబ్‌లన్నీ (జీతం స్లిప్పులు) దాచుకో, కొత్త పిటిషన్‌కు అడుగుతారు.

ఇర్వింగ్ నుంచి:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. కాంట్రాక్టులో అలాంటి లైన్ ఉంది, రేపు లాయరుకు చూపిస్తాను. లెటర్ కోసం గచ్చిబౌలి మేనేజర్‌కు ఇప్పుడే వాట్సాప్ పెట్టాను. ఇంకా ఒక్క టిక్కే ఉంది.

ప్లేనో నుంచి:
అక్కడ రాత్రి ఒంటిగంట దాటింది నాయనా. పడుకోనీ.