పైథాన్ ఇంపోర్ట్ టెస్టులు: ఒకే ప్రాసెస్‌లోనా, ప్రతిదానికీ కొత్త ప్రాసెస్సా?

పాముపుట్ట:
సిస్.మాడ్యూల్స్ (ఇప్పటికే లోడైన మాడ్యూళ్ల పట్టిక) లోంచి పేరు తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే మాడ్యూల్ కొత్తగా లోడవుతుందనే నమ్మకంతో రాసిన టెస్టులు చాలా కనిపిస్తాయి. 'ఎ.బి'ని ఒక్కదాన్నే తీసేసి చూడండి. మాతృ ప్యాకేజీ 'ఎ' మీద 'బి' అనే యాట్రిబ్యూట్ అలాగే మిగులుతుంది. అప్పుడు 'ఫ్రమ్ ఎ ఇంపోర్ట్ బి' అంటే పాత మాడ్యూలే వస్తుంది. కోడ్ మళ్లీ నడవనే లేదు, టెస్టు మాత్రం పాస్! సబ్‌ప్రాసెస్ (టెస్టు కోసం విడిగా లేపే కొత్త పైథాన్ ప్రాసెస్) వాడితే ఈ తలనొప్పే లేదు.

తొందరమనిషి:
ఆ యాట్రిబ్యూట్‌నూ తీసేస్తే సరిపోయేదానికి ప్రాసెస్ ఎందుకండీ? ఇంటర్‌ప్రెటర్ లేవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, టెస్టులు వందల్లో ఉంటే అది కనిపిస్తుంది. పైగా ప్రత్యేకంగా సెట్ చేయకపోతే కవరేజ్ (టెస్టుల్లో ఏ కోడ్ నడిచిందో కొలిచే టూల్) ఆ చైల్డ్ ప్రాసెస్‌ను లెక్కించదు. ఆప్షనల్ లైబ్రరీ లేనప్పుడు ఏమవుతుందో చూడాలా? మంకీప్యాచ్‌తో (టెస్టు అయ్యేదాకా విలువను మార్చి, తర్వాత వెనక్కి పెట్టే సాధనం) సిస్.మాడ్యూల్స్ లో దాని పేరుకు నన్ (None) పెట్టండి, ఇంపోర్ట్ చేయగానే మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది.

పాముపుట్ట:
నన్ పద్ధతి మంచిదే, కాదనను. కానీ మాడ్యూల్ రెండోసారి లోడైతే అందులోని ప్రతి క్లాసూ రెండు కాపీలవుతుంది. వేరే టెస్టు ఫైల్ పైభాగంలో ఇంపోర్ట్ చేసుకున్న పాత ఎర్రర్ క్లాస్‌తో 'ఎక్సెప్ట్' రాస్తే, కొత్త కాపీ విసిరిన ఎర్రర్ దానికి దొరకదు. అదీ టెస్టుల వరుస మారినప్పుడే బయటపడుతుంది. రీలోడ్ కూడా దీన్ని తప్పించదు: మాడ్యూల్ ఆబ్జెక్ట్ పాతదే, క్లాసులు మాత్రం కొత్తవి. ఇక సీ ఎక్స్‌టెన్షన్ల (సీ లాంటి భాషలో రాసి కంపైల్ చేసిన మాడ్యూళ్ల) జోలికి అసలు పోవద్దు.

ట్రేస్‌బ్యాక్:
టెస్టు మధ్యలో ఫైళ్లు రాసేవాళ్లకు ఇంకో రెండు గుంటలున్నాయి. ఫైల్‌ఫైండర్ (ఇంపోర్ట్ కోసం ఫైళ్లు వెతికే భాగం) ఫోల్డర్ జాబితాను దాచుకుంటుంది, కాబట్టి కొత్త ఫైల్ రాశాక ఇంపోర్ట్‌లిబ్.ఇన్‌వాలిడేట్_క్యాషెస్ పిలవాలి. రెండోది పీవైసీ, అంటే కంపైల్ చేసి దాచిన బైట్‌కోడ్ ఫైల్. అది పాతబడిందా లేదా అన్నది మామూలుగా సోర్స్ ఫైల్ సైజు, సెకన్లలో మార్పు సమయం చూసే తేలుస్తారు. 'ఎక్స్ = 1'ని అదే సెకనులో 'ఎక్స్ = 2'గా మారిస్తే సైజూ అదే, సమయమూ అదే. పాత బైట్‌కోడే నడుస్తుంది. సిస్.డోంట్_రైట్_బైట్‌కోడ్‌ను మొదట్లోనే ట్రూ చేయండి.

సీపైథాన్ (పైథాన్ అసలు ఇంటర్‌ప్రెటర్) సొంత టెస్టుల్లో, అదే ప్రాసెస్‌లో మాడ్యూల్‌ను కొత్తగా లోడ్ చేసే ఇంపోర్ట్_ఫ్రెష్_మాడ్యూల్ ఉంది, సబ్‌ప్రాసెస్‌కు అసర్ట్_పైథాన్_ఓకే కూడా ఉంది. ఫాల్‌బ్యాక్ దారులకు (లైబ్రరీ లేనప్పుడు నడిచే కోడ్‌కు) మొదటిది చాలు. ఇంపోర్ట్ వల్ల జరిగే సైడ్ ఎఫెక్టులు, 'ఈ బరువైన మాడ్యూల్ లోడ్ కాకూడదు' లాంటి హామీలకు రెండోదే నయం.

తొందరమనిషి:
ఆ చివరిదానికి ఒప్పుకుంటాను. పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్) ఆ మాడ్యూల్‌ను ముందే లోడ్ చేసి ఉంటే ఒకే ప్రాసెస్‌లో తేల్చలేం. అయితే చైల్డ్‌ను ఐసొలేటెడ్ మోడ్‌లో నడిపేవాళ్లు గుర్తుంచుకోండి: అందులో పైథాన్‌పాత్ (మాడ్యూళ్లు వెతకాల్సిన అదనపు ఫోల్డర్లు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) పనిచేయదు, ప్రస్తుత ఫోల్డర్ కూడా సిస్.పాత్‌లోకి (మాడ్యూళ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలోకి) రాదు. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయకపోతే ఆ ఫోల్డర్‌ను కోడ్‌లోనే చేర్చాలి.