మూలికా సారం కలిపిన ఎనర్జీ డ్రింకులను పరీక్షించకుండా అమ్మనివ్వవచ్చునా?

సిద్దిపేట తల్లి
ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి పరీక్షల రోజుల్లో రాత్రి మేలుకోవడానికి అశ్వగంధ సారం, జిన్సెంగ్ సారం కలిపిన ఎనర్జీ డ్రింక్ తాగుతున్నాడు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది తగదని, రోజుకు 500 మిల్లీలీటర్లు మించరాదని డబ్బా మీద ఉన్నది. ఆ హెచ్చరిక కెఫీన్ గురించి. మూలికల గురించి ఒక్క మాట లేదు. ఈ రెండింటినీ కలిపి ఎవరైనా పరీక్షించారా?

ఔషధశాస్త్ర బోధకుడు
అమ్మా, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఇటువంటి పానీయంలో కెఫీన్ లీటరుకు 145 మిల్లీగ్రాములకు తగ్గకుండా, 300కు మించకుండా ఉండాలి. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాములకు మించదు. కెఫీన్‌కు ఆ హద్దు ఉన్నది గాని, మిశ్రమం మొత్తంగా ఏమి చేస్తుందో ఆ అంకె చెప్పదు. 2017లో అమెరికాలో 18 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి దాదాపు లీటరు ఎనర్జీ డ్రింకును, మరొకసారి అంతే కెఫీన్, అంటే 320 మిల్లీగ్రాములు, కలిపిన మామూలు పానీయాన్ని ఇచ్చి ఈసీజీ తీశారు. రెండు గంటల తరువాత చూస్తే, ఎనర్జీ డ్రింకు తాగినప్పుడు గుండె ఒక స్పందన తరువాత మళ్లీ సిద్ధం కావడానికి పట్టే కాలాన్ని చూపే, మరీ పెరిగితే లయ తప్పించగల క్యూటీ వ్యవధి సుమారు 10 మిల్లీసెకన్లు ఎక్కువగా ఉన్నది. కెఫీన్ రెండింటిలోనూ సమానమే కాబట్టి, తేడా మిగిలిన పదార్థాల వల్లనో వాటి కలయిక వల్లనో వచ్చి ఉండాలి. అందుకే దినుసులను విడివిడిగా కాక మిశ్రమాన్నే పరీక్షించాలని నేను అంటున్నాను. కెఫీన్‌తో జిన్సెంగ్‌ను కలపడం అహేతుకమని 2015లో మన ఆహార భద్రతా సంస్థే కొన్ని పానీయాలకు అనుమతి ఉపసంహరించింది.

గోదావరి వైద్యుడు
మాస్టారూ, పానీయంతో మొదలుపెట్టి మూలికల మీదికి వస్తున్నారు. 1940 నాటి ఔషధ చట్టం మొదటి షెడ్యూలులో చరక, సుశ్రుత సంహితలతో పాటు మన తెలుగునాట పుట్టిన బసవరాజీయం కూడా ఉన్నది. ఆ గ్రంథాలలో చెప్పిన మందును అదే వ్యాధికి వాడితే కొత్తగా భద్రతా పరీక్ష అక్కరలేదని 158బి నిబంధన చెబుతోంది. తరతరాలుగా మనుషులు వాడి నిగ్గు తేల్చినదాన్ని ఎలుకల మీద మళ్లీ తేల్చాలనడం న్యాయం కాదు.

ఔషధశాస్త్ర బోధకుడు
తరతరాల వాడకం వెంటనే వచ్చే విషలక్షణాలను పట్టుకుంటుంది. వేలల్లో ఒకరికి, అదీ కొన్ని వారాల తరువాత కాలేయానికి కలిగే హాని ఏ వైద్యుని అనుభవంలోనూ ఒక వరుసగా కనిపించదు. తిప్పతీగనే చూడండి. కోవిడ్ కాలంలో దానిని వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 కేంద్రాల వైద్యులు 2022లో ప్రచురించారు.

గోదావరి వైద్యుడు
అది తిప్పతీగ అని ఎవరు నిర్ధారించారు? దానిని పోలిన మరొక జాతి తీగ, టైనోస్పోరా క్రిస్పా, ఉన్నదని, అది కాలేయానికి హాని చేస్తుందని ఆయుష్ శాఖ అప్పుడే చెప్పింది. తప్పు తీగను తాగి మంచి తీగ మీద నింద వేస్తున్నారు.

కొత్త సభ్యుడు
2021లో కోవిడ్‌కని కృష్ణపట్నం ఆనందయ్య గారు ఇచ్చిన మూలికా మందుల విషయంలో కూడా ప్రభుత్వం కొన్నిటికి అనుమతి ఇచ్చి, కంటి చుక్కలను మాత్రం మరిన్ని పరీక్షలు కావాలని ఆపింది. అంత అత్యవసర కాలంలోనే ఆపగలిగినప్పుడు ఇప్పుడు ఆపలేరా?

ఔషధశాస్త్ర బోధకుడు
వైద్యులు గారూ, తీగ మారిందన్నదే మీ వాదన అయితే, సీసాలోకి ఏ తీగ వెళ్లిందో తేల్చే పరీక్ష ముందే కావాలన్న నా వాదననే మీరు బలపరుస్తున్నారు.

గోదావరి వైద్యుడు
బలపరచడం లేదు. 43 మందిలో ప్రతి ఒక్కరూ మింగినది ఏమిటో చెప్పమంటున్నాను.

భీమిలి వాసి
మీరిద్దరూ తీగ పేరు దగ్గరే ఆగిపోయారు. కోవిడ్ రెండో విడతలో మా అన్నయ్య రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ మాత్రలు కొని వాడాడు. కొన్ని వారాలకు కళ్లు పచ్చబడి ఆసుపత్రిలో చేరాడు. మాత్రల్లో ఏమున్నదని డాక్టర్ అడిగితే మా దగ్గర సమాధానం లేదు. అమ్మిన దుకాణదారుని అడిగితే, ఇది సహజమైనది, దీనికి రిపోర్టులు ఉండవు అన్నాడు. తప్పు తీగ అంటున్న వైద్యులు గారు ఆ మాట మా వదిన ముందు అనగలరా?

గోదావరి వైద్యుడు
మీ అన్నగారు మింగినది తీగా, మాత్రా? ఆ మాత్రలో ఉన్నది ఎండబెట్టిన పొడా, ఆల్కహాలుతో తీసిన సారమా? నేను తాజా కాండాన్ని దంచి, కషాయం కాచి, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మోతాదు చెబుతాను. వాళ్లు మా గ్రంథాల పేరు పెట్టి కర్మాగారంలో సారం తీసి, ఎవరు ఎంత వాడుతున్నారో చూడకుండా అమ్ముతారు. దెబ్బ మాత్రం నా మీద పడుతుంది. మా చిన్న ఫార్మసీ నుంచి అధికారులు నమూనాలు తీసుకువెళ్లి, ఫలితం చెప్పకుండా నెలలు గడిపితే, సరుకంతా గడువు దాటి పారబోసుకున్నాను. సూపర్ మార్కెట్ అల్మరాలో ఉన్న డబ్బాను ఎవరూ అడగలేదు. పరీక్ష అనే మాట వినగానే నాకు ఎందుకు మండుతుందో ఇప్పుడైనా అర్థం చేసుకోండి.

ఔషధశాస్త్ర బోధకుడు
అయితే మన అసలు వివాదం ఇన్ని పోస్టుల తరువాత ఇప్పుడు బయటపడింది. గ్రంథాలు ఇచ్చిన మినహాయింపు మొక్క పేరుకు చెందుతుందా, తయారీ పద్ధతికి చెందుతుందా? పద్ధతికే చెందుతుందని నా అభిప్రాయం. నీటిలో కాచినప్పుడు దిగేవి వేరు, ఆల్కహాలులో దిగేవి వేరు. పది పాళ్లను ఒక పాలుగా కుదించిన సారం 500 మిల్లీగ్రాములంటే 5 గ్రాముల ఎండు మూలికకు సమానం. అశ్వగంధలో పనిచేసే ముఖ్య రసాయనాలైన విథనోలైడ్లు దాని సారాలలో కొన్నిటిలో 2.5 శాతం, కొన్నిటిలో 5 శాతం ఉంటాయి. వేరుకు బదులు ఆకు కలపవద్దని 2021లో ఆయుష్ శాఖే తయారీదారులను కోరవలసి వచ్చింది. ఐరోపాలో గ్రీన్ టీ అనుభవం కూడా ఇదే. కప్పులో కాచుకున్న టీ సాధారణంగా సురక్షితమేనని, సప్లిమెంటుగా రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ అనే గ్రీన్ టీ రసాయనాన్ని తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగాయని అక్కడి ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది.

గోదావరి వైద్యుడు
సారం వేరు, కషాయం వేరు అన్నంతవరకు ఒప్పుకుంటాను. కాని తొంభై రోజుల జంతు పరీక్షల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పెద్ద కంపెనీ ఆ మొత్తాన్ని ప్రకటనల ఖర్చులో సర్దుకుంటుంది, నాలాంటివాడు ఫార్మసీ మూసుకుంటాడు. ఒక్కొక్క మొక్క సారాన్ని ప్రభుత్వమే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట ఒకసారి పరీక్షించి, ఫలితాన్ని అందరికీ తెరిచి పెట్టాలి.

ఔషధశాస్త్ర బోధకుడు
అమ్మకంతో లాభం పొందేవాడే ఖర్చు భరించాలి. పైగా ఒక కంపెనీ సారం మీద వచ్చిన ఫలితం వేరే ద్రావణితో, అంటే నీరు, ఆల్కహాలు వంటి కరిగించే ద్రవంతో, తీసిన మరొకరి సారానికి వర్తించదు. ప్రజల డబ్బుతో ప్రైవేటు సరుకుకు యోగ్యతాపత్రం ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను.

గోదావరి వైద్యుడు
అలాగైతే మీ నియమం నన్ను మాత్రమే ఆపుతుంది, ఆ డబ్బాను ఆపదు.

భీమిలి వాసి
ఎవరు ఖర్చు పెట్టినా సరే, సీసా మీద ఏ భాగం, ఏ ద్రావణి, ఎంత మూలికకు ఎంత సారం అన్నది ఉంటే మా డాక్టర్ చీకట్లో వెతుక్కునే పని ఉండేది కాదు.

గోదావరి వైద్యుడు
సిద్దిపేట అమ్మగారూ, ఆ డబ్బా మీద ఆయుష్ తయారీ లైసెన్సు సంఖ్య ఉన్నదా, చూసి చెప్పండి.

సిద్దిపేట తల్లి
చూశాను. ఆహార భద్రతా సంస్థ గుర్తు, దాని కింద పద్నాలుగు అంకెల సంఖ్య మాత్రమే ఉన్నాయి. అశ్వగంధ సారం అని ఉన్నది గాని, వేరా ఆకా అన్నది లేదు, ఎంత అన్నది కూడా లేదు.

ఔషధశాస్త్ర బోధకుడు
అయితే అది ఔషధం కాదు, ఆహారం. మనం ఇంతసేపు వాదించుకున్న 158బి దానికి వర్తించదు. డబ్బా ఫొటో తీసి, బిల్లు జతచేసి, మీ జిల్లా ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. మూలిక భాగం, పరిమాణం లేబుల్ మీద ఎందుకు లేవని, కెఫీన్‌తో దాని కలయికకు ఆధారం ఏమిటని అడగండి. అబ్బాయి చేత అది మాత్రం ఈ రోజే మాన్పించండి.

గోదావరి వైద్యుడు
ఫిర్యాదు మీద నా సంతకం కూడా పెడతాను. ఖర్చు విషయంలో నా మాట మారలేదు.