ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే మా బోర్లు ఎండిపోతయా?

పరకాల_పోరడు:
అన్నలూ, మా మండలంల ఇథనాల్ (మక్కలు, బియ్యంతోటి తీసి పెట్రోల్ల కలిపేది) ఫ్యాక్టరీ పెడ్తరని ఊర్లె ఒకటే ముచ్చట, రోజుకు లక్ష లీటర్లు తీస్తరట. మాది ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ చివరి ఆయకట్టు, నీళ్లొస్తే వచ్చినట్టు లేకుంటే బోరే దిక్కు, మార్చి దాటినంక అది కూడ ఆగాగి పోస్తది. మక్కలకు మంచి రేటొస్తదని కొందరు ఖుషీల ఉన్నరు, నాకైతే 2024 నవంబర్ల నిర్మల్ దిక్కు దిలావర్‌పూర్ల జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కింది యాదికొస్తాంది. అసలు లీటర్ ఇథనాల్‌కు ఎన్ని నీళ్లు పడ్తయ్? తెలిసినోళ్లు చెప్పండి.

బోరుబాయి:
తమ్మీ, ఫ్యాక్టరీ తాగే నీళ్లు వేరు, పంట తాగేటియి వేరు. వాడిన నీళ్లనే మళ్ల తిప్పుకుంటే ఫ్యాక్టరీల లీటరుకు నాలుగైదు లీటర్లు. లక్ష లీటర్ల ప్లాంటంటే రోజుకు ఐదు లక్షలు, ఏడాదికి 16 కోట్ల లీటర్లు అనుకో. వింటే గుండె ఆగుతది గానీ యాసంగి వరి ఎకరానికే 45, 50 లక్షల లీటర్లు గుంజుతది, అంటే ఆ ఫ్యాక్టరీ 30, 35 ఎకరాల వరి లెక్క. అసలు ఖర్చు పొలంలనే. చెరుకుతోటి తీస్తే లీటరుకు 2860 లీటర్లని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లనే ఉంది. బియ్యంతోటి అయితే, ఎకరానికి 16 క్వింటాళ్ల బియ్యం, దాంట్ల 700 లీటర్ల ఇథనాల్ అనుకుంటే, లీటరుకు ఆరేడు వేల లీటర్ల నీళ్లు. మక్కలకు రెండు వేల దగ్గర ఆగుతది.

నర్సంపేట_మక్కరైతు:
లెక్క మంచిగనే ఉంది గానీ వరికి ఆ నీళ్లు ఎట్లయినా పెడ్తనే ఉన్నం కదనే. యాసంగి వడ్లు ఎండకు పగిలి మిల్లుల శానా నూకయితయ్, అందుకని వడ్లు ఉడకబెట్టి పట్టిచ్చే బాయిల్డ్ రైస్‌ను కొనేది లేదని కేంద్రం అన్నప్పుడు 2021-22ల ఎంత లొల్లయిందో మర్చిపోయిన్రా? ఇప్పుడు ఆ నూక కొనేటోడు వస్తాంటే వద్దంటమా?

బోరుబాయి:
నేను భయపడేది గదే అన్నా. నూకకు గిరాకీ ఉంటే యాసంగి వరి తగ్గది, 2018 నుంచి కరెంటు 24 గంటలు ఉచితమాయె, మోటర్ ఆపేటోడెవ్వడు? పెట్రోల్ల 20 శాతం కలుపుడు 2030కి అనుకున్నది 2025కే జరిపిన్రు, అందుకే ఈ ఉరుకులాట. ఇంకో తమాషా, 2024-25ల వడ్ల మద్దతు ధర క్వింటాకు 2300, కేంద్రం తరపున ధాన్యం నిల్వజేసే ఎఫ్‌సీఐ ఇథనాల్ కంపెనీలకు బియ్యం ఇచ్చింది 2250కి. వడ్లకన్న బియ్యమే అగ్గువ!

వాగొడ్డు:
30 ఎకరాల వరే కదా అని తేలిగ్గ తీస్కోవద్దు. వరి నీళ్లు తలా ఒక బోరు నుంచి నాలుగు నెలలు తోడ్తరు, అందుల కొంత మళ్ల భూమిలకే ఇంకుతది. ఫ్యాక్టరీ ఒక్క జాగల, ఏడాదంత గుంజుతది, పక్క పొలాల బోర్లే ముందుగాల పోతయ్. చుక్క మురికినీళ్లు బయటికి రావొద్దని రూల్ ఉంది కానీ ఆ మురికినీళ్లను ఆవిరి చేయాలంటే బాగ ఖర్చు, ఎప్పుడు కన్నుగప్పుతరో ఎవరికి ఎరుక. పెట్రోల్ల కలిపేతందుకే ధాన్యంతోటి తీసే ప్లాంట్లకు 2021లనే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర లేకుండ చేసిన్రు, కాబట్టి ఎవరో వచ్చి అడుగుతరని కూసోవద్దు. నీళ్లు బోరుకెల్లా, కాలువకెల్లా, రోజుకు ఎంత, ఆర్టీఐ వేసి వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల చట్టం) కింద ఇచ్చిన పర్మిషన్ కాపీ తీస్కోండి. పునాది పడకముందే మీ బోర్ల మట్టం తారీఖుతో రాసిపెట్టుకోండి, నీళ్లు టెస్ట్ చేయించుకోండి, లేకపోతే రేపు కేసేసినా ముందట ఎట్లుండెనో చూపెట్టలేరు.

పరకాల_పోరడు:
మట్టం సంగతి మాకెవ్వరికీ తట్టనే లేదన్నా. టెస్టుల టీడీఎస్ (నీళ్లల కరిగిన ఉప్పుల లెక్క) ఒక్కటి సాలా?

వాగొడ్డు:
సాలది. పీహెచ్ (పులుపు కొలత), నైట్రేట్, సీఓడీ (మురికి కొలత) కూడ చూపియ్యి. ఎండకాలంల ఒకసారి, వానలు పడ్డంక ఒకసారి. తాగే బోరుది వేరుగ తీయించు.