అప్‌డేట్: మేనకోడలి చేతిలో ఓడటం ఆగింది, కానీ...

ఎనిమిదేళ్ల మా మేనకోడలు టిక్-టాక్-టోలో మూలన ఇంటూ పెట్టి రోజూ నన్ను ఓడిస్తోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే సున్నా నడిమి గడిలో పెట్టాను. తను ఎదురు మూల పట్టింది. నేను తెలివిగా ఇంకో మూలన పెట్టి మళ్లీ ఓడాను! నన్ను అడ్డుకున్న ఒక్క ఇంటూతోనే తనకి రెండు వైపులా గెలిచే దారి దొరికింది. అక్కడ మూల కాదు, అంచు మధ్య గడి పట్టాలి. ఇప్పుడన్నీ డ్రాలే, తనకి బోర్.

అందుకే 21 అగ్గిపుల్లలు పరిచాను. ఒక్కోసారి 1 నుంచి 3 తీయొచ్చు, చివరి పుల్ల తీసినవాళ్లదే గెలుపు. ముందు నేను ఒకటి తీసి, ఆపై తనవీ నావీ కలిపి నాలుగయ్యేలా తీశాను. మూడు ఆటలు గెలిచాను. నాలుగోసారి, "మామయ్యా, ఈసారి ముందు నేను" అంది.